కథా, సరుకా, యజమాని మాటా: బ్రాండును నిలబెట్టేది ఏది?

రాజమహేంద్రవరం పచ్చళ్ల వ్యాపారి (చర్చ ప్రారంభం):

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. మా వీధిలో మొదలైన వ్యాపారం ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు దాటి అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్ల దాకా వెళ్తోంది. ఈ వేసవికి లేబుల్ మార్చి, మా పేరును నలుగురికీ తెలిసేలా చేద్దామని ఒక ప్రకటనల సంస్థ దగ్గరకు వెళ్లాను. రెండు వారాల తర్వాత వారు ఒక కథ తెచ్చారు. గోదావరి గట్టున పెంకుటింట్లో మా అమ్మమ్మ ఆవకాయ జాడీలకు వాసెన కట్టేదట, ఆమె చేతి రుచినే నేను సీసాల్లో పోసి పంపుతున్నానట. చదవడానికి బాగుంది. కానీ మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆమె ఆవకాయ ఎలా పెట్టేదో మా అమ్మకు కూడా సరిగా గుర్తు లేదు.

నాకు ఈ పని నేర్పినావిడ వేరు. ఏటా ఎండాకాలంలో మా వీధిలో పది పన్నెండు ఇళ్లకు కూలికి వచ్చి పచ్చళ్లు పెట్టిపోయే పెద్దావిడ ఆమె. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయను గోటితో గీరి, వాసన చూసి పులుపు ఎంతో చెప్పేసేది. ముక్కలు కొట్టించాక జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను గీకి, ప్రతి ముక్కనూ పొడిబట్టతో తుడిస్తే తప్ప ఆవపిండి పళ్లెం దగ్గరకు రానిచ్చేది కాదు. ఆ కథే చెబుదామంటే, కూలికి వచ్చిన మనిషి అన్న మాట వింటే కొనేవారికి ఇంటి భావన కలగదని సంస్థవారు అన్నారు. ఉన్న కథ చెప్పాలా, వారిచ్చిన అమ్మమ్మను పెట్టుకోవాలా, అసలు కథే లేకుండా సరుకును నమ్ముకోవాలా? వ్యాపారం తెలిసినవారు చెప్పండి.

ప్రకటనల రంగంలో ఉన్నవారు, హైదరాబాదు:

మీ బాధ అర్థమైంది గానీ, మీ సంస్థవారు చెప్పినదాంట్లో తప్పేమీ నాకు కనిపించడం లేదండి. పచ్చడి సీసా మీది అమ్మమ్మ ఎవరి అమ్మమ్మా కాదని కొనేవారికీ తెలుసు; అది ఇంటి వంట అని చెప్పే ఒక గుర్తు మాత్రమే. ఒకే అరలో పదిహేను రకాల ఆవకాయలు వరసగా ఉన్నప్పుడు కొనే మనిషి చేయి ఏదో ఒకదాని మీద ఆగాలి కదా. కథ లేని సీసాను ధర ఒక్కటే అమ్ముతుంది, ధర మీద పోటీకి దిగితే పెద్ద ఫ్యాక్టరీల ముందు మీరు నిలవలేరు.

మన తెలుగువారి వ్యాపార చరిత్రలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు దాన్ని సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టారు. గంటల తరబడి కచేరీ విని లేచే మనిషికి అక్కడికక్కడే చిన్న డబ్బా చేతికి వస్తే, ఆ సాయంత్రం జ్ఞాపకంలో ఆ మందు వాసన కూడా కలిసిపోతుంది. మందును ఒక అనుభవానికి ముడిపెట్టడం కథ చెప్పడం కాక మరేమిటి? ఇవాళ మేము చేసే పని కూడా అదే.

విశ్రాంత డిస్ట్రిబ్యూటరు, విజయవాడ:

హైదరాబాదు వారితో నేను ఏకీభవించలేను. ముప్పై ఏళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కిరాణా కొట్లకు సరుకు వేసినవాణ్ణి. తలనొప్పితో కొట్టుకు వచ్చిన మనిషి "అమృతాంజనం ఇవ్వండి" అంటాడు, అంతే. చాలా ఊళ్లలో ఏ కంపెనీ బామ్ కావాలన్నా ఆ పేరుతోనే అడుగుతారు. ఆ అడిగేవారిలో నాగేశ్వరరావు గారు ఎవరో తెలిసినవారు నూటికి ఒకరు కూడా నాకు తగల్లేదు. రాసుకుంటే తలనొప్పి తగ్గుతుంది, ఏ మూల కొట్టులో అడిగినా దొరుకుతుంది, చిన్న డబ్బా చవకగా వస్తుంది: జనానికి కావలసినవి ఇవే.

సంగీత సభల్లో పంచినది కథను కాదు, మందును. అది సరుకు మీద ఉన్న నమ్మకం. ఒకసారి రాసుకున్నవాడు మళ్లీ కొంటాడని తెలియకపోతే ఎవరూ ఊరికే పంచిపెట్టరు. పచ్చళ్ల వ్యాపారి గారూ, ఆ ప్రకటనల సంస్థకు ఇచ్చే డబ్బుతో వెయ్యి చిన్న సీసాలు నింపి, కార్తిక మాసంలో వనభోజనాలకు వెళ్లే బృందాలకు ఇవ్వండి. వర్షాకాలం దాటాక కూడా ముక్క మెత్తబడకుండా, నూనె పైకి తేలి ఉంటే జనమే మీ కథ చెప్పుకుంటారు.

తెలుగు పత్రికల చరిత్ర బోధించేవారు, చెన్నై:

ఇద్దరూ అమృతాంజనాన్నే ఉదాహరణగా తీసుకున్నారు కాబట్టి, ఇద్దరూ వదిలేసిన భాగాన్ని చెప్పడం అవసరం అనుకుంటున్నాను. నాగేశ్వరరావు గారు అమృతాంజనం మీద వచ్చిన డబ్బును ఏం చేశారో చూడండి. 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో దాన్ని మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చారు. 1924లో సాహిత్య మాసపత్రిక భారతిని మొదలుపెట్టారు. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి పుస్తకాలను సామాన్యులు కొనగలిగే ధరకు అందించారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన ఒడంబడిక మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే జరిగింది కాబట్టి దానికి ఆ ఇంటి పేరే స్థిరపడింది. జనం ఆయనను దేశోద్ధారక అన్నారు.

ఇందులో ఏ ఒక్కటీ బామ్ అమ్మడానికి చేసినది కాదు. అయినా చదువుకున్న తెలుగు కుటుంబాల్లో ఒక తరం పాటు ఆ డబ్బా కొనడమూ, ఆంధ్రపత్రిక తెప్పించుకోవడమూ ఒకే మనిషి మీది నమ్మకంతో సాగాయి. స్వదేశీ ఉద్యమం సాగుతున్న రోజుల్లో, స్వదేశీ సరుకును అమ్ముతున్న మనిషి స్వయంగా ఆ ఉద్యమంలో నిలబడి కనిపించాడు. దీన్ని ప్రకటనల భాషలో కథనం అంటారేమో, నేను మాత్రం నడవడి అంటాను. డిస్ట్రిబ్యూటరు గారి అనుభవాన్ని నేను కాదనడం లేదు. ఆయన కొట్లకు సరుకు వేసిన కాలానికి నాగేశ్వరరావు గారు పోయి దశాబ్దాలు గడిచాయి; 1938లోనే ఆయన కన్నుమూశారు. ఆలోపే, 1936లో, అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. పునాది కట్టిన మనిషి పేరు మరిచిపోయిన తర్వాత కూడా మందు అమ్ముడుపోతోందంటే, పునాదే లేదని అర్థం కాదు కదా. మైలాపూరులో ఆయన పేరుతో ఉన్న పార్కులో నేను సాయంత్రాలు నడుస్తుంటాను. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి ఆ పేరుకూ తమ ఇంట్లోని అమృతాంజనం డబ్బాకూ సంబంధం తెలియదు. అది నాకు బాధగానే ఉంటుంది.

విశ్రాంత డిస్ట్రిబ్యూటరు, విజయవాడ:

చెన్నై వారు చెప్పినది గౌరవంతో చదివాను, అందులో కొంత నాకు తెలియదు. కానీ ఒక ప్రశ్న మిగిలింది. అదే కాలంలో ఉద్యమంలో జైలుకు వెళ్లిన వ్యాపారులు ఇంకా ఎందరో ఉన్నారు; వారందరి సరుకులూ నిలబడ్డాయా?

తెలుగు పత్రికల చరిత్ర బోధించేవారు, చెన్నై:

నిలబడలేదు. మందు పనిచేయకపోతే నాగేశ్వరరావు గారి త్యాగం కూడా దాన్ని కాపాడేది కాదు. అక్కడ మీతో నాకు పేచీ లేదు.

ఉపాధ్యాయుడు, పాడేరు:

ఇప్పటిదాకా యజమాని గురించే మాట్లాడుకున్నాం. కథ ఎవరిదన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. మా ప్రాంతపు కాఫీ గురించి చెబుతాను, ఎందుకంటే మొదట అడిగిన పచ్చళ్ల వ్యాపారి గారి సమస్యకు అది దగ్గరగా ఉంది.

మన్యంలో పోడు (అడవి నరికి, కాల్చి చేసే సాగు) తగ్గించి, కొండవాలులో స్థిరమైన పంట ఉండాలన్న ఉద్దేశంతో ప్రభుత్వ శాఖలు గిరిజనుల చేత కాఫీ వేయించాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ: ఇవాళ ఏ కొండ మీద చూసినా ఇదే. అయితే చాలాకాలం ఆ కాఫీకి పేరు లేదు. పండీ పండని కాయను ఒకేసారి దూసి ఎండబెట్టి, సంతలో దళారీ చెప్పిన ధరకు, అతను పెట్టిన తూకానికి ఇచ్చేసేవారు. గిరిజన సహకార సంస్థ కొనుగోలుకు దిగడం, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులను సహకార సంఘంగా కూడగట్టడం వల్ల పరిస్థితి మారడం మొదలైంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పారిస్ కథ పత్రికల్లో బాగా వచ్చింది. దానికి వెనకాల జరిగిన పని మాత్రం చాలా చిన్నదిగా, విసుగు పుట్టించేదిగా ఉంటుంది. పూర్తిగా ఎర్రబడిన పండును మాత్రమే కోయాలి. అంటే ఒకే మొక్క దగ్గరకు నవంబరు నుంచి మూడు నాలుగుసార్లు తిరిగి రావాలి. కోసిన పండును ఆ రోజే పల్పింగుకు (గింజ మీది తొక్క తీసే పనికి) చేర్చాలి, ఆలస్యమైతే పులిసి రుచి పాడవుతుంది. దాదాపు ఆరు కిలోల పండు కోస్తే ఒక కిలో గింజ వస్తుంది. మా బడి పిల్లల తల్లులు చలికాలపు మంచులో బుట్ట నడుముకు కట్టుకుని చేసే పని ఇది. ఎర్రపండుకు ఎక్కువ ధర ఇస్తామని మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడితేనే ఆ తల్లి పచ్చికాయను మొక్క మీద వదిలి రేపు మళ్లీ వస్తుంది. మాట తప్పితే మర్నాటి నుంచే అంతా కలిపి దూసేస్తుంది, అప్పుడు కప్పులో రుచీ పోతుంది, పారిస్ కథా పోతుంది. నా దృష్టిలో నాయకత్వం అంటే ఆ ధర దగ్గర నిలబడటమే.

అందుకే పచ్చళ్ల వ్యాపారి గారికి నా మనవి ఒకటే. కూలికి వచ్చిన పెద్దావిడను దాచి, లేని అమ్మమ్మను ముందు పెట్టడం అంటే పని చేసిన చేతిని చెరిపేయడమే. మా ప్రాంతం ఇది చాలాకాలం చూసింది: పంట మాది, పేరు ఇంకొకరిది.

ప్రకటనల రంగంలో ఉన్నవారు, హైదరాబాదు:

పాడేరు వారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. అయినా ఒక ఆచరణాత్మకమైన ఇబ్బంది చెప్పక తప్పదు. పెద్దావిడ కథను లేబుల్ మీద పెడితే అది కూడా ఒక వాడకమే కాదా? ఆమె పేదరికాన్ని అమ్ముకున్నట్టు కాదా? కల్పిత అమ్మమ్మ వల్ల ఎవరికీ హాని లేదు. నిజమైన మనిషిని ముందు పెడితే ఆమెకు బాధ్యులం అవుతాం.

ఒకప్పుడు పచ్చళ్ల కంపెనీలో పనిచేసినవారు, గుంటూరు:

బాధ్యులం కాకుండా ఉండటానికే కల్పిత అమ్మమ్మను తెచ్చుకుంటారని మీరే ఒప్పుకున్నట్టయింది. నేను చూసినది చెబుతాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మా సీసా మీద ఉన్న అమ్మమ్మ ఫోటో డబ్బు పెట్టి కొన్నది. ఆవిడ ఎవరో ఏ రాష్ట్రమో మాకు తెలియదు. ఒక ఏడాది గిరాకీ ఎక్కువై, ముక్కలు సరిగా ఆరకుండానే కలిపేశారు, ఉప్పు కూడా తగ్గించారు. ఆషాఢం వచ్చేసరికి ఆ బ్యాచ్‌లో మూతకింద తెల్లటి బూజు పట్టింది. కొన్నవారు ఫోటోలు పెట్టి అడిగితే, ఆ వ్యాఖ్యలు తొలగించమని మాకు ఆదేశం వచ్చింది. అదే వారం అమ్మమ్మ జ్ఞాపకాల మీద కొత్త వీడియో కూడా విడుదల చేశారు.

ఆ రెండు పనులూ నా చేతుల మీదుగానే జరిగాయి. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "అమ్మా, మీ అమ్మమ్మ ముక్కలు తుడవమని చెప్పలేదా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించి, పొరపాటు జరిగిందని యజమాని స్వయంగా రాసి ఉంటే ఖర్చు అయ్యేదే, కాదనను. ఆ ఖర్చు పెట్టలేదు కాబట్టి మరుసటి ఏడాది పాత డీలర్లలో కొందరు స్టాకు తీసుకోలేదు. కథ అంత బాగా చెప్పి ఉండకపోతే జనం అంత నొచ్చుకునేవారు కారని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది.

రాజమహేంద్రవరం పచ్చళ్ల వ్యాపారి:

అందరి మాటలూ రెండు మూడుసార్లు చదివాను. గుంటూరు వారు రాసినది చదివిన రోజు, సీసాలు నింపే గదికి వెళ్లి తుడిచే బట్టలన్నీ తీయించి చూశాను. రెండు తడిగా ఉన్నాయి. ఆ పూట పని ఆపించాను.

ఆదివారం పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆమె కొడుకు దగ్గర ధవళేశ్వరంలో ఉంటోంది, చూపు తగ్గింది. ఆమె పేరు, ఆమె నేర్పిన పద్ధతి లేబుల్ మీద రాయించుకోవచ్చా అని అడిగాను. ఫోటో వద్దంది. పేరు కావాలంటే పెట్టుకోమంది కానీ, ఏటా మొదటి జాడీ ఊట దిగాక తన దగ్గరకు తీసుకురావాలని, తను రుచి చూసి బాగాలేదంటే ఆ ఏడు తన పేరు తీసేయాలని షరతు పెట్టింది. డబ్బు మాట నేనే ఎత్తాను. ఆమె మాట్లాడలేదు, కొడుకు కూడా మాట్లాడలేదు.

హైదరాబాదు వారు అడిగిన ప్రశ్న సరైనదే. ఆమెకు నేను బాధ్యుణ్ణి అవుతాను. డిస్ట్రిబ్యూటరు గారు చెప్పినట్టు కార్తికానికి చిన్న సీసాలు కూడా సిద్ధం చేస్తున్నాను. లేబుల్ మీద ఇలా రాయించాలనుకుంటున్నాను: "ఈ ఆవకాయ పెట్టే పద్ధతి మా వీధిలో ఇంటింటికీ వచ్చి పచ్చళ్లు పెట్టిన పెద్దావిడ నేర్పినది." ఆ వాక్యం కింద ఆమె పేరు ఉంటుంది. పాడేరు వారిని ఒకటి అడగాలి. మీ దగ్గర ఎర్రపండుకు ధర కట్టినట్టు, పద్ధతి నేర్పిన మనిషికి సీసాకు ఇంత అని కట్టాలా, ఏడాదికి ఇంత అని కట్టాలా? ఆమెకు లెక్క అర్థమయ్యేలా, కొడుకు ముందు కాకుండా ఆమె చేతికే వెళ్లేలా ఎలా చేస్తే బాగుంటుందో చెప్పగలరా?