రూపం మార్చే విలన్ రోబో: కామరూపి అందామా, జిత్తులమారి అందామా?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మొన్న ఆదివారం మా అక్క కొడుకు సౌండ్‌వేవ్ బొమ్మ పట్టుకొచ్చి, "మామయ్యా, వీణ్ణి తెలుగులో ఏమంటారు?" అనడిగాడు. వాడి కన్నడ స్నేహితుడు 'గోసుంబె' అన్నాడట. అంటే మన ఊసరవెల్లి. మనకూ ఒక మాట కావాలని వాడి పట్టు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ట్రాన్స్‌ఫార్మర్స్ అనే రూపం మార్చే రోబో బొమ్మలను హాస్‌బ్రో కంపెనీ 1984లో అమెరికాలో తెచ్చింది. మొదటి బొమ్మల్లో చాలావరకు అంతకుముందే జపాన్‌లో తకారా కంపెనీ అమ్మినవే. కథలో ఆటోబాట్లు మంచివాళ్ళు, డిసెప్టికాన్లు చెడ్డవాళ్ళు. సౌండ్‌వేవ్ చెడ్డ జట్టులో వేగు. మడిస్తే క్యాసెట్ ప్లేయర్ అయిపోతాడు. మీట నొక్కితే ఛాతీ తలుపు తెరుచుకుని క్యాసెట్ బయటికొస్తుంది, దాన్ని విప్పితే పక్షో మృగమో అవుతుంది. మా అమ్మ చూడగానే "ఇది మన పాత టేప్ రికార్డరే కదరా" అంది. పిల్లవాడికి మాత్రం అసలు క్యాసెట్ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది.

ఊసరవెల్లి నాకు నచ్చలేదు. అది రంగు మారుస్తుందే గానీ ఒళ్ళు మార్చదు. గోముఖ వ్యాఘ్రంలో మార్పే లేదు, ముఖం ఒకటి, బుద్ధి ఒకటి. మారువేషం పైన వేసుకునేది, తీసేస్తే పోతుంది. వీడి చేతులూ కాళ్ళే పెట్టెలోకి మడుచుకుంటాయి. అందుకని నా ఓటు 'కామరూపి'కి. ఇక్కడ కామం అంటే ఇచ్ఛ, తలచుకున్న రూపం పొందేవాడని అర్థం. మీరేమంటారు?

జవాబు: మంచి మాటే గానీ రెండు చిక్కులున్నాయండి. ఈ బొమ్మకు ఉన్నవి రెండే రూపాలు, ఇచ్ఛకు చోటెక్కడ? పైగా వాల్మీకి వానరులను కూడా కామరూపులనే అన్నాడు. ఆ మాటలో చెడ్డతనం లేదు.

జవాబు: చెన్నై నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో ఇలాంటివాణ్ణి 'మాయలమారి' అంటాం. మారడం కూడా ఆ మాటలోనే ఉంది కదా!

మళ్ళీ నేను: చెన్నై మిత్రులకు ముందు చెప్తాను. మాయలమారిలో ఉన్నది 'మారు' అనే క్రియ కాదండి. జిత్తులమారి, టక్కులమారి చూడండి. జిత్తులు మారడం కాదు, జిత్తులు గలవాడని. అయితే మీ జవాబు వల్లే నాకు దారి దొరికింది. డిసెప్టికాన్ అనే పేరులో ఉన్నదీ మార్పు కాదు, మోసం. ఇంగ్లీషులో డిసెప్షన్ అంటే అదే కదా. అంటే డిసెప్టికాన్‌కు సరిజోడు జిత్తులమారే! రూపం మార్చే విద్య రెండు జట్లకూ ఉంది కాబట్టి కామరూపి అందరికీ చెల్లుతుంది. ఒకే మాటలో రెండూ ఇరికించాలని చూడటం నా పొరపాటు.

రామాయణంలోనూ అంతే. సీత దగ్గరికి రావణుడు సన్న్యాసి రూపంలో వచ్చాడు. రామలక్ష్మణుల దగ్గరికి హనుమంతుడూ భిక్షు రూపంలోనే వెళ్ళాడు. విద్య ఒకటే.

రెండే రూపాలన్న అభ్యంతరం న్యాయమైనదే. బొమ్మ వరకు అది నిజం. కానీ కథలో ఎప్పుడు మారాలో వాడి ఇష్టం, ఆ మేరకు ఇచ్ఛ ఉందనే నా నమ్మకం. వాడికి దగ్గరి చుట్టాలు యుద్ధకాండలోనే ఉన్నారు. శుక సారణులు. రావణుడి వేగులు, వానర రూపం ధరించి రాముడి సేనలో దూరారు. విభీషణుడు గుర్తుపట్టాడు. ఎవరూ అనుమానించని వస్తువుగా శత్రువు మధ్య కూర్చుని వినడం, సౌండ్‌వేవ్ పనీ అదే.

ఈ కథ నిన్న రాత్రి మావాడికి చెప్పాను. విభీషణుడు ఎలా పట్టుకున్నాడని మూడుసార్లు అడిగాడు. పొద్దున్నే లేచి, వాళ్ళమ్మ ఫోన్ పక్కన బొమ్మను మడిచి పెట్టి, "అమ్మమ్మా, జిత్తులమారి వింటున్నాడు, మెల్లగా మాట్లాడు" అన్నాడు.