తెల్ల సున్నపు ఇటుకతో ఎలివేషన్: వైజాగ్ ఉప్పుగాలికి నిలుస్తుందా?

సాగర్‌నగర్ శ్రీను: పాత ఇల్లు పడగొట్టి 180 గజాల్లో కొత్తది కడుతున్నాం. రోడ్డువైపు ఎలివేషన్‌కి ప్లాస్టరింగ్ లేకుండా తెల్ల ఇసుక-సున్నం ఇటుక వాడాలని ఉంది. మేనకోడలు రష్యాలో ఎంబీబీఎస్ చదివింది. అక్కడ వీధులకు వీధులు ఈ ఇటుకేనట, రంగు వేయడమన్న మాటే లేదట. తను పంపిన ఫోటో కింద పెట్టాను. మాకు సముద్రం అరకిలోమీటరు. తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక మేస్త్రి: వద్దు బాబూ. సముద్రం పక్కన ప్లాస్టరింగ్ లేకుండా వదిలేస్తే ఏ ఇటుకనైనా ఉప్పు తినేస్తుంది.

అనకాపల్లి బెల్లం: ఫ్లై యాష్ ఇటుకే కదా ఇది? పరవాడ నుంచి లారీ వేయించుకో అన్నా.

రిటైర్డ్ ఏఈ: కాదండీ, ఇది వేరు. ఫ్లై యాష్ ఇటుకలో థర్మల్ ప్లాంటు బూడిద ఉంటుంది. బూడిద, సున్నం, జిప్సం కలిపే ఫాల్-జీ పద్ధతి మన విశాఖలోనే పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్ గార్ల చేతుల్లో తయారైంది. శ్రీను గారు అడిగినదాంట్లో నూటికి తొంభై పాళ్లు ఇసుకే, మిగతాది సున్నం. ప్రెస్‌లో కొట్టి, ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో, దగ్గర దగ్గర 200 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉడికిస్తారు. 1880లో జర్మనీలో పేటెంట్ తీసుకున్న పద్ధతి. మనకూ దీనికి ఐఎస్ 4139 అనే భారత ప్రమాణం ఉంది. మట్టి ఇటుకతో పోలిస్తే దీని ఒంట్లో ఉప్పు తక్కువ, ఆ ఉప్పు గోడ మీద తెల్లగా పూయడమూ తక్కువే.

గాజువాక మేస్త్రి: ఇటుకలో లేకపోతే గాలిలో ఉంది కదా సార్. రుషికొండ వైపు కిటికీ గ్రిల్లు మీద వేలుపెట్టి నాలుక మీద రాసుకోండి.

పాతపోస్టాఫీసు వాసి: మా వైపు పోర్టు బొగ్గు దుమ్ముకి పొద్దున్న తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి నల్లచుక్కలు. గోడ సంగతి మీరే చూసుకోండి.

రిటైర్డ్ ఏఈ: ఉప్పునీళ్లు తాగిన ఈ ఇటుక పగిలేది ముఖ్యంగా చలిదేశాల్లో, లోపలి నీరు గడ్డకట్టినప్పుడు. మనకా బాధ లేదు. అయినా సముద్రపు తుంపర నేరుగా పడేచోట, పునాదిలో, ప్లింత్ కింద వద్దనే అంటాను. అసలు జాగ్రత్త ఇంకోచోట ఉంది. కాల్చిన ఇటుక కాలంతోపాటు కాస్త ఉబ్బుతుంది, ఇది ఆరేకొద్దీ కుదించుకుంటుంది. రెండూ ఒకే గోడలో కలిపి కడితే చీలిక ఖాయం. గోడ కదలడానికి ఏడెనిమిది మీటర్లకో ఖాళీ జాయింట్ వదలాలి. మాలు కూడా 1:4 సిమెంటు కాకుండా 1:1:6, అంటే సిమెంటు, సున్నం, ఇసుక.

గాజువాక మేస్త్రి: మీరు ఐఎస్ నంబర్లు చెప్తారు, గోడ ఎక్కేది మేము. 2012లో లాసన్స్‌బే కాలనీలో ఒకాయనకి ఎర్ర ఇటుకతో ఇలాగే ప్లాస్టరింగ్ లేకుండా, జాయింట్లు మాత్రం మాలుతో పూడ్చి పాయింటింగ్ చేసి ఇచ్చాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ గాలికి వాననీళ్లు జాయింట్లలోంచి హాల్లోకి దిగాయి. "నీ పనే బాలేదు" అని చివరి బిల్లు ఆపేశాడు. ఇప్పటికీ ఇవ్వలేదు.

కైలాసగిరి కుర్రాడు: అయితే మీ సమస్య ఉప్పు కాదు, బిల్లు.

గాజువాక మేస్త్రి: నీకు నవ్వులాట. ప్లాస్టరింగ్ ఉంటే నా తప్పైనా, ఇటుక తప్పైనా లోపలే ఉంటుంది. అది లేకపోతే వంకర వరస, చారిక, పాచి అన్నీ వీధికి కనిపిస్తాయి. తిట్లు మాకు. అంత ముచ్చటగా ఉంటే గోడకి గ్యారంటీ ఈ ఏఈ గారిని రాసిమ్మనండి.

రిటైర్డ్ ఏఈ: ముప్పై ఏళ్లు సంతకాలు పెట్టాను. ఎవరి తిట్లు ఎవరికో నాకు చెప్పక్కర్లేదు.

సాగర్‌నగర్ శ్రీను: కాసేపు ఆగండి ఇద్దరూ. నేను అడిగింది అందం కోసం కాదు. నేనుండేది హైదరాబాద్‌లో, ఇక్కడ అమ్మ ఒక్కతే. పోయినేడాది పెయింటర్ అడ్వాన్సు తీసుకుని, ముందు గోడ సగం గీకి మాయమయ్యాడు. నాలుగు నెలలు అమ్మ ఆ గోడ కిందే ముగ్గేసుకుంది, రోజూ రాలిన సున్నం ఊడ్చుకుంటూ. ఫోన్ చేస్తే "రేపు వస్తానమ్మా". నాకు మళ్లీ ఎవర్నీ బతిమాలే పనిలేని గోడ కావాలి. అంతే.

గాజువాక మేస్త్రి: ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా బాబూ. అలాంటి గోడ లేదు. నీ ఫోటోనే పెద్దది చేసి చూడు, ఎడమవైపు రెండో కిటికీ కింద. ఆ కిటికీ గడప రెండు మూలల నుంచి మీసాల్లా నల్లచారలు కారాయి. అవి రష్యాలోనే అలా ఉంటే, మన జల్లుకి తెల్లగోడ మీద రెండు వర్షాకాలాల్లో పాచి పట్టేస్తుంది. కడగడానికి ఎవడో ఒకడు నిచ్చెన ఎక్కాల్సిందే.

సాగర్‌నగర్ శ్రీను: చూశాను. ఇన్నాళ్లూ కనపడలేదు.

రిటైర్డ్ ఏఈ: సన్‌షేడ్, కిటికీ గడప రెండంగుళాలు ముందుకు తీసి, అడుగున నీళ్లు గోడ మీదకి జారకుండా డ్రిప్ గాడి పెడితే ఆ చారలు చాలావరకు ఆగుతాయి. ఇది మేస్త్రి గారికీ తెలుసు.

గాజువాక మేస్త్రి: తెలుసు. నేను పెడతానంటే అక్కర్లేదన్నది కూడా ఆ లాసన్స్‌బే ఓనరే. బాబూ, ముందు ఓ పది ఇటుకలు తెప్పించి మేడ మీద తూర్పువైపు పేర్చు. ఈ వర్షాకాలం తడవనీ. దీపావళికి నేనే వచ్చి చూస్తాను, డబ్బులేం వద్దు.

సాగర్‌నగర్ శ్రీను: పది ఇటుకలు ఎవరిస్తారండీ? వేరే రాష్ట్రం నుంచి రావాలి, లోడు అయితేనే మాట్లాడతామంటున్నారు.

అనకాపల్లి బెల్లం: పరవాడ లారీ ఇంకా ఖాళీగానే ఉంది అన్నా.