చర్చ: ఒడిశా సరిహద్దు మిల్లులకు బీమా, పాలసీలో ఏమేం రాయించాలి?

గుణుపురం_రైస్:
రెన్యువల్ దగ్గరపడింది. రైస్ మిల్లు, అదే ఆవరణలో జీడిపప్పు యూనిట్, పాతపట్నంలో ఒక గోడౌన్. లోనుకి సరిపడా ఫైర్ పాలసీ బ్యాంకే చేయిస్తుందట. అది చాలా?

పర్లాకిమిడి_ఏజెంటు:
చాలదండి. బ్యాంకు చూసుకునేది తన బాకీ, మీరు చూసుకోవలసింది ఆస్తి విలువ. ఒకే చోట ఉన్న బిల్డింగు, మెషినరీ, సరుకు కలిపి 5 కోట్ల లోపయితే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, అది దాటి 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. రెండూ 2021 ఏప్రిల్ 1 నుంచి ఉన్నాయి. ఆపైన పాత ఎస్‌ఎఫ్‌ఎస్‌పీయే, అంటే స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీ.

ఈ రెండు పాలసీల్లో విలువ 15 శాతం దాకా తక్కువ చూపినా క్లెయిములో కోత పెట్టరు. అది దాటితే తేడా మొత్తానికీ కోతే. కోటి రూపాయల సరుకుని 70 లక్షలకే చేయించి, 20 లక్షల సరుకు కాలితే లెక్కకొచ్చేది 14 లక్షలు, అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన వాటా, పోతుంది. మెషినరీకి ఇవాళ కొత్తది కొంటే ఎంతవుతుందో ఆ అంకె రాయించండి. ఆడిటర్ బ్యాలెన్స్ షీటులో తరుగుదల తీసేసిన అంకె అక్కడ పనికిరాదు.

బరంపురం_సర్వే:
గోడౌన్ సంగతి. రిస్క్ లొకేషన్ గడిలో పాతపట్నం అడ్రసు, పిన్‌కోడ్ విడిగా ఎక్కాలి. మిల్లు అడ్రసు ఒక్కటే ఉంటే ఆంధ్రా వైపు సరుకు పాలసీలో లేనట్టే. రెండుచోట్లా సరుకు మారుతూ ఉంటే ఫ్లోటర్ అడగండి, అంటే ఒకే బీమా మొత్తం రెండుచోట్లకీ కలిపి. లారీలో ఉన్న లోడుకి అది వర్తించదు, దానికి ఇన్‌లాండ్ ట్రాన్సిట్ పాలసీ వేరు.

మర ఆడించి ఇవ్వడానికి తీసుకున్న ప్రభుత్వ ధాన్యం మీది కాదు కదా. పరాయి సరుకు మీ కస్టడీలో ఉందని పాలసీలో స్పష్టంగా రాసి ఉంటేనే క్లెయిము నిలుస్తుంది. యార్డులో టార్పాలిన్ కింద ఉంచే బస్తాలకీ విడి పద్దు పెట్టించండి.

రాయగడ_జిన్నింగ్:
పత్తి వాళ్లకి రెండు మాటలు. ఎస్‌ఎఫ్‌ఎస్‌పీలో బిల్డింగు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే కవర్ ఆగిపోతుంది, ముందే చెప్పి ఎండార్స్‌మెంట్ (కంపెనీ రాతపూర్వక ఒప్పుదల) తీసుకోకపోతే. సీజను అయ్యాక తాళం వేసే జిన్నింగు మిల్లులు చిక్కుకునేది ఇక్కడే. మిగతా పాలసీల్లోనూ ఈ షరతు ఎలా ఉందో చదవండి.

రెండోది, సరుకు నెలనెలా పెరిగి తగ్గేవాళ్లకి డిక్లరేషన్ పాలసీ లాభం, అందులో ప్రతి నెలా ఉన్న సరుకు విలువ కంపెనీకి తెలపాలి. ఏడాది చివర ప్రీమియంలో సగం దాకా వాపసు వస్తుంది. కానీ ఒక నెల డిక్లరేషన్ గడువు దాటితే ఆ నెలకి పూర్తి మొత్తం ఉన్నట్టే లెక్క కడతారు.

ఇక నిప్పు సంగతి. పత్తిలో రాయో ఇనుప ముక్కో వస్తే జిన్ను (గింజ తీసే యంత్రం) దగ్గర రవ్వ లేస్తుంది. మాగ్నెట్ పెట్టి రోజూ తుడవాలి. పైకి మంట ఆరిన కుప్ప లోపల రాజుకుంటూనే ఉంటుంది కాబట్టి కుప్పకీ కుప్పకీ ఎడం తప్పనిసరి.

జీడి_పని:
జీడి వైపు అసలు చిక్కు బొర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో. ఆరబెట్టే క్రమంలోనే పప్పు మాడితే ఫైర్ పాలసీ ఇవ్వదు, హీటింగ్, డ్రైయింగ్ ప్రాసెస్ మినహాయింపు అంటారు. అక్కణ్ణుంచి మంట షెడ్డుకి పాకితే షెడ్డు నష్టం వేరే లెక్క. ఎస్‌ఎఫ్‌ఎస్‌పీ అయితే తనంతట తాను వేడెక్కి అంటుకున్న సరుకుకి కూడా యాడ్-ఆన్ కావాలి. నూనె ఉన్న జీడి తొక్కలు, తవుడు ఈ కోవవే. తొక్కల పోగు బాయిలరు గోడకి ఆనించి ఉంటే నష్టం లెక్క కట్టే సర్వేయరు మొదటి ప్రశ్న అదే.

బాయిలరు తానే పేలితే ఆ బాయిలరుకి ఎస్‌ఎఫ్‌ఎస్‌పీ డబ్బివ్వదు. బాయిలర్ అండ్ ప్రెజర్ ప్లాంట్ పాలసీ తీసుకోండి. బాయిలరు సర్టిఫికెట్ గడువు దాటనివ్వకండి.

గుణుపురం_రైస్:
మోటారు కాలిపోతే? వరద సంగతేంటి?

బరంపురం_సర్వే:
షార్ట్ సర్క్యూట్‌తో కాలిన ఆ మోటారు వరకూ ఎస్‌ఎఫ్‌ఎస్‌పీలో రాదు, దాని వల్ల పక్క యంత్రాలకు అంటిన మంటకి వస్తుంది. మోటారుకి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ ఉండాలి.

2018 తిత్లీ తుపానుకి వంశధార పొంగిన సంగతి మీవైపు ఎవరూ మరచిపోరు. సూక్ష్మ, లఘు పాలసీల్లో తుపాను, వరద ముందే ఉన్నాయి. ఎస్‌ఎఫ్‌ఎస్‌పీలో ప్రీమియం తగ్గుతుందని ఆ భాగం తీయించుకోవచ్చు, ఈ ప్రాంతంలో మాత్రం ఆ పని చేయకండి. గాలికి రేకులు లేచిపోయి తడిసిన బస్తాలకు వస్తుంది. పాత చిల్లులోంచి కారిన వానకు రాదు.

పర్లాకిమిడి_ఏజెంటు:
జీఎస్‌టీ మరచిపోయారు. కాలిపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని (కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న మినహాయింపుని) సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. ప్యాకింగ్ సామాను లాంటి వాటికి ఆ పన్ను కూడా కలిపి విలువ రాయించండి. పూర్తయిన సరుకుకి ఉత్పత్తి ఖర్చే లెక్క, అమ్మకం ధర కాదు.

దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరు, అందులోనూ తాళమో గోడో పగలగొట్టిన గుర్తులుండాలి. కూలీలకి ముందు మీ చోటు ఈఎస్ఐ కిందికి వస్తుందో చూడండి. రాకపోతే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీలో కాంట్రాక్టు మనుషుల జీతాలూ చూపించాలి.

బరంపురం_సర్వే:
నష్టం జరిగాక: మంట ఆపి, వెంటనే కంపెనీకి మెయిలు పెట్టండి. సర్వేయరు చూసేదాకా బూడిద ఎత్తకండి, కానీ తడవని బస్తాలు వేరుచేసి కాపాడాల్సింది మీరే. స్టాకు రిజిస్టరు కాపీ మిల్లు బయట ఎక్కడైనా ఉంచండి. రిజిస్టరు సరుకుతోపాటే కాలితే జీఎస్‌టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు, కరెంటు బిల్లుల మీద సరుకు లెక్క కట్టాలి, దాంతో క్లెయిము నెలల తరబడి సాగుతుంది.