నిద్రమాత్ర వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టా?

రాత్రి డ్యూటీ: అందరికీ వందనాలు. మా ఆయన పోయి పదకొండు నెలలు. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటేనే నాలుగు గంటలు కన్ను మూతపడుతోంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో బైబిలు తీస్తుంటే సంచిలోంచి మాత్రల షీటు జారి చాప మీద పడింది. పక్కావిడ చూసి, "'నా దగ్గరికి రండి, విశ్రాంతి ఇస్తాను' అనే మత్తయి 11:28 కంఠతా చెబుతావు, విశ్రాంతి మాత్రం మందుల షాపులో కొంటావా?" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇది నిజంగా అవిశ్వాసమేనా?

ఆవగింజ: బాధపడకండి సిస్టర్, ఆవిడ మాటలో తప్పేం లేదు. అంత తుఫానులో యేసుప్రభువు దోనెలో తలగడ మీద నిద్రపోయాడు. ఏ మాత్ర వేసుకుని?

పాత కీర్తన: అదే దోనెలో శిష్యులకు నిద్ర లేదు బ్రదర్. ఏలీయా ప్రవక్తను చూడండి, 1 రాజులు 19. బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దూత వచ్చి విశ్వాసం గురించి క్లాసు పీకలేదు. లేపి రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడాయన.

ఆవగింజ: రొట్టె, మాత్ర ఒకటేనా? శిష్యుల్ని "నమ్మిక లేదా" అని అడిగాడు కదా.

పాత కీర్తన: మార్కు 4 చదవండి. ముందు గాలి ఆపాడు, ఆ తర్వాతే అడిగాడు.

ఆవగింజ: మత్తయి 8 చదవండి. ముందు అడిగాడు, ఆ తర్వాతే లేచి గాలిని గద్దించాడు.

మందుల కొట్టు: ఎవరేమన్నా డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపేయకండి అక్కా.

రాత్రి డ్యూటీ: గాలి ముందా, మాట ముందా అని నేను అడగలేదు. నిన్నటి నుంచి సండే స్కూలు పిల్లల్ని వేరేవాళ్ళకి అప్పగించారు. "నీకు నెమ్మది వచ్చాక చూద్దాం" అన్నారు.

ఆవగింజ: అది సబబే కదా సిస్టర్. మాత్ర మింగి వచ్చి, దేవుడు నెమ్మది ఇస్తాడని మైకులో చెబితే కొత్తవాళ్ళు ఏమనుకుంటారు?

రాత్రి డ్యూటీ: అలా చెప్పండి! మీ బాధ నా నిద్ర గురించి కాదు, మైకు గురించి. బాగుపడ్డవాళ్ళకే సాక్ష్యమా? ఇంకా బాగుపడనివాళ్ళు వెనక వరసలో కూర్చోవాలా?

ఆవగింజ: మా తమ్ముడు చీటీ లేకుండా కొనుక్కుని మింగేవాడు. రెండేళ్ళు ఆ షీట్లు తెచ్చిచ్చింది నేనే. వాడిప్పుడు లేడు. నాకు మైకు గొడవ అంటగట్టకండి.

పాత కీర్తన: తమ్ముడి సంగతి తెలియదు బ్రదర్, క్షమించండి. మత్తయి 8 తీసి చూశాను, మీరన్నదే నిజం. పిల్లల్ని ఆవిడ దగ్గర్నుంచి తీసేయడం మాత్రం నేనొప్పుకోను.