బస్ టెర్మినల్ మీద ఆఫీసు టవర్: గర్డర్ల మధ్య గ్యాస్ చేరకుండా డక్టులు ఎలా?

కింద బస్సులు, పైన 20 అంతస్తుల ఆఫీసు. ఆఫీసుకు 9 మీటర్ల గ్రిడ్ (పిల్లర్ల మధ్య దూరం) చాలు. 12 మీటర్ల బస్సు మలుపుకు బయటి వ్యాసార్ధమే 12.5 మీటర్లు కావాలి కాబట్టి ఒక పిల్లర్ విడిచి ఒకటి తీసేసి, 18 మీటర్ల కాంక్రీటు ట్రాన్స్‌ఫర్ గర్డర్లు (తీసేసిన పిల్లర్ల భారాన్ని పక్క పిల్లర్లకు చేర్చే పెద్ద దూలాలు) అనుకుంటున్నాం. లోతు 3 మీటర్లు, కింద ఖాళీ ఎత్తు 4.5.

చిక్కల్లా బస్సుల ఇంధనం సీఎన్‌జీతోనే. లీకైతే గాలికంటే తేలిక, నేరుగా గర్డర్ల మధ్య గూళ్లలోకి చేరుతుంది. ప్రతి గూటి పైకొసనా ఎగ్జాస్ట్ తప్పదు. డక్టుకు గర్డర్‌లో రంధ్రం పెడదామంటే, నడిమధ్యన టవర్ పిల్లర్ భారం పడటంతో షియర్ (దూలాన్ని అడ్డంగా కోసే బలం) ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కడా తగ్గదు. కింద నుంచి తిప్పితే బస్సు ఎత్తు పోతుంది.

స్టీల్ ట్రస్ (కడ్డీలను త్రికోణాలుగా కలిపిన దూలం) అయితే డక్టులు సులువుగా దూరతాయి. కానీ కింద బస్సు అంటుకుంటే? ఇలాంటివి కట్టినవాళ్లు అగ్నిరక్షణ పూత మందం, తనిఖీ ఎలా చూసుకున్నారు? టోక్యోలోని యాఎసు బస్ టెర్మినల్‌లోలా బస్సుల్ని బేస్‌మెంట్‌లోకి దించడం ఇక్కడ కుదరదు, ర్యాంపుకు స్థలం లేదు.