ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు మానవశాస్త్రాన్ని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, తిరుపతి గ్రామీణ మండలం

తిరుపతికి ఆనుకుని ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. మనుషులు ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఎందుకు బతుకుతారు, ఎవరిని చుట్టంగా ఎంచుతారు, పండుగలు ఎందుకు చేసుకుంటారు అన్న ప్రశ్నలకు పాఠ్యపుస్తకంలో చోటు తక్కువ కావడంతో, వారానికి ఒక పీరియడు మానవశాస్త్రానికి కేటాయించడానికి మా ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకున్నాను. తెలుగు, తమిళం, ఉర్దూ ఇంటి భాషలుగా గల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. ఆదిమానవుడితో మొదలుపెట్టమని కొందరు, గిరిజనుల జీవన విధానంతో మొదలుపెట్టమని మరికొందరు సలహా ఇస్తున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం: మానవశాస్త్ర పరిశోధక విద్యార్థి, తిరుపతి

మేడం గారూ, ఆ రెండింటిలో దేనితోనూ మొదలుపెట్టవద్దని నా విన్నపం. ఎక్కడో అడవిలో ఉన్నవారి గురించో, ఎప్పుడో గతించినవారి గురించో చదవడమే మానవశాస్త్రమన్న అభిప్రాయం మొదటి పీరియడులోనే నాటుకుంటే, దాన్ని తరువాత తీసివేయడం చాలా కష్టం. పిల్లల సొంత చుట్టరికాలతో మొదలుపెట్టండి. 1898లో ఆస్ట్రేలియా, న్యూ గినీల మధ్య ఉన్న టోరెస్ జలసంధి ద్వీపాలకు వెళ్ళిన రివర్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, అక్కడివారి వంశక్రమాలను వారి నోటి నుంచే విని రాసుకునే పద్ధతికి రూపమిచ్చాడు. మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్ళికి సమాన చిహ్నం, తోబుట్టువులకు పైన అడ్డగీత వేసి మేము ఇప్పుడు పటాలు గీస్తాం. ఆరో తరగతి పిల్లలు దీన్ని ఒక్క పీరియడులో పట్టుకోగలరు.

పటం పూర్తయ్యాక, అందులోని ప్రతి మనిషినీ తాము ఏ వరుసతో పిలుస్తారో పక్కన రాయించండి. చిన్నాయన పిల్లలు, చిన్నమ్మ పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు; మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు మాత్రం బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్ళు. రక్తసంబంధం చూస్తే అందరూ ఒకే దూరంలో ఉన్నారు. అయినా ఒక వైపు వారితో పెళ్ళి మాట ఎత్తడమే తప్పు, రెండో వైపు వారు వరుసైనవారు. ఈ గీత ఎక్కడ పడుతున్నదో మీరు చెప్పకండి. తండ్రి అన్నదమ్ములు, తల్లి అక్కచెల్లెళ్ళు ఒక పక్క, తండ్రి అక్కచెల్లెళ్ళు, తల్లి అన్నదమ్ములు మరో పక్క నిలుస్తున్నారని పిల్లలే కనిపెట్టాలి. తమిళం మాట్లాడే ఇంటి పటం పక్కన పెడితే పిలుపులు మారినా గీత అక్కడే ఉంటుంది. ఉర్దూ మాట్లాడే ఇంటి పటంలో ఆ గీత కనబడదు, అక్కడ అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే. మీ తరగతిలో మూడు భాషలు ఉండడం ఈ పాఠానికి దొరికిన భాగ్యం.

ఈ వరుసలు శాస్త్ర చరిత్రలోనూ పేరున్నవి. అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ తెలుగు, తమిళ వరుసలను ఇక్కడి మిషనరీల ద్వారా తెప్పించుకుని 1871లో ప్రచురించాడు. తాను దగ్గరగా ఎరిగిన, ఉత్తర అమెరికా ఆదివాసులైన ఇరోక్వా ప్రజల వరుసల అమరికతో అవి సరిపోవడం అతన్ని ఎంతో ఆకట్టుకుంది. ఆ ప్రజలు ఆసియా నుంచి వచ్చారనడానికి అతడు దీన్నే రుజువుగా చూపాడు. సంబంధం లేని సమాజాలలోనూ ఇలాంటి అమరిక విడివిడిగా ఏర్పడగలదు కనుక తరువాతి పండితులు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఎనిమిదో తరగతికి ఇది చక్కని చర్చాంశం.

సమాధానం: ఉపాధ్యాయుడు, పలమనేరు

పై మాటతో ఏకీభవిస్తూ, గమనించడం నేర్పే పాఠం ఒకటి చేర్చమంటాను. మన జిల్లాలలో ఊరూరా గంగ జాతర ఉంది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో, సెలవులలోనే వస్తుంది. నోటుపుస్తకంలో పేజీని రెండు భాగాలు చేయించి, ఒక పక్క కంటితో చూసినది, రెండో పక్క పెద్దలు చెప్పినది రాయించండి. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు ఎవరు కట్టారు, మగవారు చీర కట్టుకుని మొక్కు తీర్చుకునేటప్పుడు చుట్టూ ఉన్నవారు ఎలా నడుచుకున్నారు అన్నవి చూసినవి. గంగమ్మ పాలెగాడిని చంపిందన్న కథ, చాటింపు వేశాక పొలిమేర దాటకూడదన్న కట్టుబాటు విన్నవి. రెండూ కలిపి రాసే అలవాటు పెద్ద పరిశోధకులకు కూడా ఒక పట్టాన పోదు. 1915, 1918 సంవత్సరాల మధ్య న్యూ గినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవులలో ఉండి, అక్కడి భాష నేర్చుకుని, వారి మధ్యనే గుడారం వేసుకున్న మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ గురించి ఈ పాఠం తరువాత చెబితే పిల్లలకు అర్థమవుతుంది, ముందు చెబితే అది మరో పేరు మాత్రమే.

ఆదిమానవుడిని వదిలేయనక్కరలేదు. రేణిగుంట పరిసరాలలో ఉత్తర పాతరాతియుగపు రాతి పనిముట్లు దొరికాయి. రోజూ రైలు చూసే ఊరి పేరు చెప్పి మొదలుపెడితే చాలు.

సమాధానం: ఎరుకల కుటుంబానికి చెందిన పాఠకురాలు, చిత్తూరు

గిరిజనుల పాఠం గురించి ఒక మాట చెప్పాలి. తరగతిలో ఎరుకల, యానాది పిల్లలు కూర్చుని ఉండగా "వీరు బుట్టలు అల్లుతారు, వీరు ఎలుకలు పడతారు" అని పుస్తకం చదివితే, ఆ పూట నుంచి ఆ పిల్లల పేరు మారిపోతుంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక, మా వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టారు. అది 1952లో దేశమంతటా రద్దయింది. 1901 జనాభా లెక్కల అధికారి రిస్లీ ముక్కుల కొలతలకూ కులాల హెచ్చుతగ్గులకూ సంబంధం ఉందని వాదించాడు. మనుషులను చదివే శాస్త్రం మనుషులకు ఇంత కీడు చేయగలిగిందన్నది కూడా ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పవలసిన విషయమే. మా గురించి చెప్పాలంటే మా అవ్వలను తరగతికి పిలవండి, కుర్చీ వేయండి. వెదురు చీల్చే పద్ధతినీ, తమిళానికి దగ్గరగా ఉండే మా ఇంటి భాషనూ వారే చెబుతారు, పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. కులం పేరు మాత్రం ఎవరి పటంలోనూ రాయించవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కులం గడి తీసివేస్తాను. అవ్వలను ఆహ్వానించే మాట ప్రధానోపాధ్యాయులతో మాట్లాడతాను. ఇంకొక సందేహం ఉంది. తండ్రి లేని పిల్లలు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవారు కొందరున్నారు. వరుసల పటంలో మేనరికం ప్రస్తావన రాక తప్పదు, అది మంచిదా చెడ్డదా అని తప్పక అడుగుతారు.

సమాధానం: పరిశోధక విద్యార్థి

పటం ఎవరి నుంచైనా మొదలుకావచ్చు. అమ్మమ్మ నుంచో, పక్కింటి పెద్దవారి నుంచో గీయనివ్వండి, తండ్రి గుర్తు ఉండి తీరాలన్న నియమం పెట్టవద్దు. మేనరికం విషయంలో రెండు ప్రశ్నలను వేరుచేయండి. ఒక సమాజం దాన్ని ఎందుకు ఇష్టపడింది, ఆస్తి, పొత్తు, ఆడపిల్ల తెలిసిన ఇంటికే వెళ్ళడం అన్నవి అందులో ఎలా పనిచేశాయి అన్నది మీ పీరియడు. దగ్గరి రక్తసంబంధంలో తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు ఉండే అవకాశం ఎక్కువ కనుక, పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బులు వచ్చే ప్రమాదం పెరుగుతుందన్నది జీవశాస్త్రం. ఆ రోజు జీవశాస్త్ర ఉపాధ్యాయులను కూడా తరగతికి రమ్మనండి. మేనరికంలో పుట్టిన పిల్లలు ఆ తరగతిలోనే ఉండవచ్చు కనుక, మాట జబ్బుల గురించి సాగాలి, ఎవరి తల్లిదండ్రుల గురించీ సాగకూడదు.