క్లాసులో బంగారం, పోటీలో గందరగోళం: మా లడ్డూతో ఎజిలిటీ ఎలా?

లడ్డూ_నాన్న (డాలస్):
అందరికీ నమస్తే. మా కుక్క లడ్డూ బోర్డర్ కోలీ మిక్స్, రెండున్నరేళ్ళు, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. ఎత్తు 19 అంగుళాలు, అంటే ఏకేసీ (అమెరికన్ కెనెల్ క్లబ్) పోటీల్లో 20 అంగుళాల జంప్ క్లాసు. ఏడాదిగా ఎజిలిటీ (కుక్కని జంపులు, టన్నెల్స్ లాంటి అడ్డంకుల మీదుగా వరుసగా పరిగెత్తించే ఆట) క్లాసులకి తీసుకెళ్తున్నా, అక్కడ వీడిని మించినవాడు లేడు. కమాండ్లన్నీ తెలుగులోనే: జంప్‌కి ‘దూకు’, టన్నెల్‌కి ‘దూరు’, ఏ-ఫ్రేమ్‌కి (గుడిసె కప్పులా ఆనించిన రెండు పలకలు) ‘ఎక్కు’. సీసా (తాగే సీసా కాదు, అటు ఇటు ఊగే పలక) చూసి మా అమ్మ "ఇదేంట్రా, మన ఏతంలా ఉంది" అంది, అప్పటి నుంచి దానికి ‘ఏతం’ అనే కమాండే.

పోయిన శనివారం మొదటి పోటీ, నావిస్ (కొత్తవాళ్ళ) లెవెల్. మూడో జంప్ దాటాక ఎడమవైపు నాలుగో జంప్ ఉంటే, వీడు దాన్ని వదిలేసి ఎదురుగా ఉన్న టన్నెల్‌లోకి దూరిపోయాడు. నేను "నో నో, దూకు దూకు" అని అరిచా. బయటికొచ్చి కాసేపు గడ్డి వాసన చూస్తూ తిరిగాడు, తర్వాత వీవ్ పోల్స్‌లో (మెలికలు తిరుగుతూ దాటాల్సిన కర్రల వరుస) నాలుగో పోల్ దగ్గరే బయటికొచ్చేశాడు. మా ట్రైనర్ పై లెవెల్ క్లాసులో చేరమంటున్నారు, మా ఆవిడేమో మళ్ళీ మొదటినుంచీ నేర్పించమంటోంది. అమ్మ తీసిన వీడియో పెడుతున్నా, చూసి మొహమాటం లేకుండా చెప్పండి.

పన్నెండో_పోల్:
వీడియో ఆపి ఆపి చూశాను తమ్ముడూ. లడ్డూ తప్పేమీ లేదు. మూడో జంప్ మీద వాడు గాల్లో ఉన్నప్పుడు నీ కాళ్ళెటున్నాయో చూడు. రెండు బూట్ల మొనలూ, ఛాతీ, చూపు అన్నీ టన్నెల్ వైపే ఉన్నాయి, నోరు మాత్రం ‘దూకు’ అంటోంది. పరిగెత్తే కుక్క ముందు నీ ఒళ్ళెటు తిరిగిందో చూస్తుంది, మాట ఆ తర్వాత. పైగా దూకు, దూరు రెండూ ‘దూ’తోనే మొదలవుతాయి, ఆ వేగంలో వాడికి రెండో అక్షరం దాకా ఆగే ఓపిక ఎక్కడిది? ఒకటి మార్చెయ్.

వాడు మూడో జంప్ ఎక్కకముందే నువ్వు నాలుగో జంప్ వైపు తిరిగి కదలాలి. వాడు నేల మీద దిగాక తిరిగితే లేటయినట్టే. మా ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేశానంటే, పెరట్లో నాలుగు కుర్చీలు వేసి మా అబ్బాయిని కుక్కలా పరిగెత్తమన్నా, నేను నోరు విప్పకుండా కాళ్ళూ చేతులతోనే నడిపించాలి. మూడోసారికి వాడు ఆగిపోయి "డాడీ, నువ్వు ఎటు వెళ్ళమంటున్నావో నాకే అర్థం కావట్లేదు" అన్నాడు. పదకొండేళ్ళ పిల్లాడికే అర్థం కాకపోతే ఇక కుక్క సంగతి చెప్పేదేముంది. ఫ్రంట్ క్రాస్, రియర్ క్రాస్ (కుక్క ముందు నుంచి, వెనక నుంచి అటువైపుకి మారడం) అన్నీ ముందు ఇలా కుక్క లేకుండా నేర్చుకో. పోటీ రోజు కోర్సు నడిచి చూసుకోనిస్తారు కదా, అప్పుడు నంబర్లు బట్టీ పట్టడం కాదు, ఎక్కడ తిరగాలో నీ కాళ్ళకి అలవాటు చెయ్.

ఇంకోటి, మధ్యలో "నో" అనకు. ఆ గడ్డి వాసన చూడటం ఆకతాయితనం కాదు, టెన్షన్. తప్పు జరిగితే నవ్వుతూ తర్వాతి జంప్‌కి వెళ్ళిపో.

మియాపూర్_డాబా:
అన్నా, మధ్యలో దూరి అడుగుతున్నా, ఏమనుకోకండి. మాది ఏడు నెలల ఇండీ (దేశవాళీ) కుక్కపిల్ల. డాబా మీద పీవీసీ పైపులతో జంపులు కట్టాను, ఇప్పుడే రెండడుగులు దూకేస్తోంది!

పన్నెండో_పోల్:
ఆపేయండి బాబూ! ఆ వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు, పూర్తిగా పెరగడానికి ఏడాది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర కూడా పడుతుంది. ఏకేసీ పోటీకే కనీసం 15 నెలలుండాలి, ఎఫ్‌సీఐలో (అంతర్జాతీయ కెనెల్ సమాఖ్య) 18. ఇప్పటికి పైపు నేలమీద పెట్టి దాటించండి చాలు. నున్నటి డాబా మీద మాత్రం వద్దు, జారితే భుజం పోతుంది, మట్టినేల చూసుకోండి. ఈలోపు పిలిస్తే రావడం, మీ రెండు వైపులా పరిగెత్తడం, ఊగే పలక మీద నిలబడటం నేర్పండి. సీసా నేర్పేటప్పుడు కిందపడే చివర పాత బొంత మడిచి వెయ్యండి, ఆ ‘ధడేల్’ శబ్దానికి ఒక్కసారి భయపడితే మళ్ళీ ఎక్కించడానికి నెలలు పడుతుంది.

మాక్_కల:
నేను కొంచెం వేరేగా చెప్తా. హ్యాండ్లింగ్ (కుక్కని నడిపించే తీరు) సంగతి నిజమే కానీ వీవ్ పోల్స్ తప్పు వేరే. మొదటి పోల్ కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా లోపలికి వెళ్ళాలి, లడ్డూ సరిగ్గానే వెళ్ళాడు. నాలుగో పోల్ దగ్గర నువ్వు వంగి జేబు తడిమావు చూడు, బిస్కెట్ వస్తుందనుకుని బయటికొచ్చాడు. పోటీ రింగులోకి తిండి తీసుకెళ్ళనివ్వరు, మరి క్లాసులో జేబు నింపుకుని నేర్పిస్తే ఎలా? డబ్బా రింగు బయట కుర్చీ మీద పెట్టు, పరుగు అయ్యాక ఇద్దరూ కలిసి దాని దగ్గరికి పరిగెత్తండి. నావిస్‌లో ఆరు పోల్సే, పైన పన్నెండు, అప్పుడు ఇంకా కష్టం. మా ఇంట్లో కూడా మాక్ (ఏకేసీ మాస్టర్ ఎజిలిటీ ఛాంపియన్) టైటిల్ కల ఉంది (750 పాయింట్లు, 20 డబుల్ క్యూలు, అంటే ఒకే రోజు రెండు రకాల పరుగులూ పాసవ్వడం), నాలుగేళ్ళయింది, ఇంకా సగం కూడా కాలేదు. తొందరేం లేదు బ్రో, పై క్లాసు ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు.

లడ్డూ_నాన్న:
అందరికీ థాంక్స్. వీడియో మళ్ళీ చూశా, నిజంగానే బూట్లు రెండూ టన్నెల్ వైపే, జేబు తడమడం అయితే నాకు గుర్తు కూడా లేదు. టన్నెల్ కమాండ్ ‘గుహ’ అని మార్చా, రెండు రోజుల్లో పట్టేశాడు. నాకే ఇంకా నోట్లోంచి ‘దూరు’ వచ్చేస్తోంది. ఈ ఆదివారం పార్కులో కుర్చీలు వేసి అమ్మని చూడమన్నా. మా ఆవిడ కుక్క వేషానికి ఒప్పుకుంది, కాకపోతే బిస్కెట్లు కాదు, బిర్యానీ కావాలట.